ఒక్క రాత్రిలో లక్ష మంది బలి.. టోక్యో దాడిపై కేసు ఎందుకు లేదు?

హిరోషిమా పేరు తెలియనివాళ్లు ఉండరు. కానీ అంతకు ఐదు నెలల ముందే టోక్యోలో ఒక్క రాత్రిలో సుమారు లక్ష మంది చనిపోయారు. అదీ అణుబాంబు లేకుండానే!

ఆ రాత్రి ఏం జరిగింది?

1945 మార్చి 9 అర్ధరాత్రి దాటాక దాదాపు 280 అమెరికా బి-29 విమానాలు టోక్యోపై విరుచుకుపడ్డాయి. కింద ఉన్నవి ఎక్కువగా చెక్క ఇళ్లు. పైనుంచి పడింది నాపామ్.. అంటే ఒంటికి అంటుకుంటే వదలని, జెల్లీలాంటి పెట్రోల్. దానికి బలమైన గాలి తోడైంది. సుమిదా నదిలో దూకినవాళ్లలోనూ ఎంతోమంది బతకలేదు. సుమారు 10 లక్షల మంది నిలువ నీడ కోల్పోయారు.

అమెరికా వాదన ఏంటి?

ఎత్తు నుంచి ఫ్యాక్టరీలపై వేసే బాంబులు గాలి వేగానికి గురి తప్పుతున్నాయి.. ఇళ్ల మధ్యే చిన్న వర్క్‌షాపుల్లో యుద్ధ సామగ్రి తయారవుతోంది.. యుద్ధం త్వరగా ముగిస్తే ప్రాణాలు మిగులుతాయి. ఇదీ సమర్థన. జపాన్ కూడా అంతకుముందు చైనాలోని చాంగ్‌చింగ్ నగరంపై బాంబులు వేసింది.

అయితే ఇక్కడే అసలు ప్రశ్న. పౌరులపై బాంబులు వేయొద్దని 1939 సెప్టెంబర్ 1న యుద్ధంలోకి దిగుతున్న దేశాలను కోరింది అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్టే! ఆరేళ్లు తిరక్కుండానే అదే దేశం ఆ పని చేసింది.

మరి శిక్ష ఎవరికి?

ఎవరికీ లేదు. యుద్ధం తర్వాత టోక్యోలో జరిగిన విచారణలో బోనులో నిలబడింది ఓడిన జపాన్ నేతలే. దాడికి ఆదేశాలిచ్చిన జనరల్ కర్టిస్ లెమేకు 1964లో జపాన్ ప్రభుత్వమే పెద్ద పురస్కారం ఇచ్చింది. తమ వైమానిక దళాన్ని నిర్మించడంలో సాయం చేశారన్నది కారణం.

అప్పట్లో లెమే కింద పనిచేసి, తర్వాత అమెరికా రక్షణ మంత్రి అయిన రాబర్ట్ మెక్‌నమారా 2003లో వచ్చిన ఓ డాక్యుమెంటరీలో నోరు విప్పారు. ఓడిపోయి ఉంటే తమను యుద్ధ నేరస్తులుగా నిలబెట్టేవారని లెమే అన్నారని, అది నిజమేనని ఒప్పుకున్నారు. ఓడితే నేరమైనది గెలిస్తే ఎలా ఒప్పవుతుందని ఆయనే అడిగారు.

చట్టం మారిందా?

మారింది. ఊరంతటినీ ఒకే లక్ష్యంగా చూసి బాంబులు వేయడాన్ని 1977 జెనీవా అదనపు ప్రోటోకాల్ నిషేధించింది. అమెరికా, భారత్ ఇప్పటికీ దాన్ని ఆమోదించలేదు.

ఇక బాధితుల సంగతి.. జపాన్‌లో సైనికులకు, వారి కుటుంబాలకు పెన్షన్లు అందాయి. ఆ రాత్రి ఇంటినీ, అయినవాళ్లనూ పోగొట్టుకున్న మామూలు జనం పరిహారం కోసం కోర్టుకెక్కినా ఫలితం దక్కలేదు. బాంబులు వేసినవాళ్లూ లెక్క చెప్పలేదు.. యుద్ధంలోకి దింపినవాళ్లూ చెప్పలేదు.