మూలఁబడిన మోటారు సైకిలు

నెల్లూరు తీరమున మైపాడు, కృష్ణపట్నము మొదలగు చోట్ల ఉప్పుగాలి యినుమును త్వరగాఁ దినివేయును. అట్టిచోటఁ దండ్రిగారు నడిపిన మోటారు సైకిలు ఏండ్లతరబడి కొట్టములో నున్నచో, దానిని పాత యినుము వర్తకునకుఁ దూచి యిచ్చుటకు ముందు సోదరీమణు లొకింత యాలోచింపవలెను.

1955లో మద్రాసున స్థాపింపఁబడిన ఎన్‌ఫీల్డు ఇండియావారి 350 బుల్లెట్టునే తీసికొందము. కార్బురేటరు పోయినచో నది యొక లోపము మాత్రమే కాదు. దానివైపు వాల్వు తెఱచియున్నచోఁ దేమగాలి సిలిండరులోనికిఁ బోవును. పోత యినుప సిలిండరు త్రుప్పుపట్టి పిస్టను రింగుల నంటుకొనును. అప్పుడు బలముగాఁ గిక్కు కొట్టినచో రింగులు విఱుగవచ్చును.

ముందుగా స్పార్కు ప్లగ్గు తీసి, ఆ రంధ్రముగుండఁ బలుచని నూనె పోసి, కొన్ని దినము లూరనిచ్చి, పిదప మెల్లగాఁ ద్రిప్పి చూడవలెను. సిలిండరును గొలిపింపక క్రొత్త పిస్టను కొనరాదు. దాని మొదటి వ్యాసము 70 మిల్లీమీటర్లు. గీతలు పడి తొలిపింపవలసివచ్చినచోఁ బెద్ద పిస్టను కావలెను.

అంగళ్లు తిరుగుటకు ముందు ఇల్లు వెదకుఁడు. సంక్రాంతికి దులుపునపుడు పాత డబ్బాలోఁ గానవచ్చు పేరు తెలియని మరమేకు నైనఁ బాఱవేయకుఁడు. నూనె రాచి, గుడ్డలోఁ జుట్టి, చీటి వ్రాసి దాఁచుఁడు. ఎచ్చటను దొరకని భాగము ఒక్కొకప్పుడు ఆ డబ్బాలోనే యుండును.