కాలిన మోటారును కాల్చి శుభ్రపఱచుట

వరి పొట్టకు వచ్చిన దినములలో నూతి మోటారు కాలిపోయినచో, ఎట్లైనను రెండు దినములలో దానిని మరల కట్టించి నీరు పాఱింపవలెనని రైతు తొందరపడును. ఆ తొందరలో జరుగు నొక పొరపాటు మోటారును ఉన్నంతకాలము పీడించును. దానిని సభ్యు లెఱిగియుండుట మేలు.

మోటారులోని తీగచుట్టలు వార్నీషుతో గట్టిపడి గాడులలో అంటుకొనియుండును. వార్నీషు కాలనిదే పాత తీగ యూడిరాదు. కావున పనివారు దానిని కాల్చి తీయుదురు. కాల్చుట తప్పు గాదు. ఎంత వేడిలో కాల్చిరనునదే ముఖ్యము.

తీగ చుట్టిన యినుప దిమ్మె యేకఖండము గాదు. సుమారు అర మిల్లీమీటరు మందము గల ఉక్కు రేకుల పేర్పు. రేకునుండి రేకునకు విద్యుత్తు ప్రవహింపకుండ వాని నడుమ పలుచని పూత యుండును. వేడి మితిమీఱినచో ఆ పూత చెడి, రేకులలో సుడిప్రవాహములు హెచ్చి, దిమ్మె వేడెక్కును. కరెంటు వృథా యగును. క్రొత్త తీగయు త్వరగా కాలును.

పూత రకమును బట్టి దిమ్మె వేడి 370 లేక 400 డిగ్రీల సెంటిగ్రేడు మించరాదని మరమ్మతు నిపుణుల నియమము. బర్నరుతో గాని కట్టెల మంటలో గాని కాల్చినచో ఈ మేర నిలువదు. దిమ్మె యెఱ్ఱబాఱినచో వేడి 500 డిగ్రీలు దాటినదని గ్రహింపవలెను.

ఓవెను అను మూత కొలిమిలో గాలి మితముగా నుండును. వార్నీషు భగ్గున మండక, పొగయై పోగా మిగిలిన మసి సులభముగా రాలును. దిమ్మెకు తగిలించిన ఉష్ణమాపకము వేడిని తెలుపుచుండును. పొగ వేఱొక గదిలో మఱింత వేడికి దహింపబడును. అమెరికా, బ్రిటను దేశముల మోటారు మరమ్మతుదారుల సంఘములు 2003లో ప్రకటించిన పరిశోధనలో, వేడిని అదుపునం దుంచి శ్రద్ధతో తిరిగి కట్టిన మోటార్ల సామర్థ్యము దాదాపు చెక్కుచెదరలేదని తేలినది.

నీటితో నిండి పనిచేయు సబ్‌మెర్సిబుల్ మోటార్లలో పి.వి.సి. తొడుగు గల తీగ యుండును. దానికి వార్నీషు లేదు. అట్టి తీగను లాగి తీయవలెను గాని కాల్చరాదు. దాని పొగ విషతుల్యము.

సభ్యులు మోటారు నిచ్చునపుడు బర్నరు వాడవద్దని చెప్పవలెను. కాల్చుటకు ముందును తరువాతను దిమ్మెను పరీక్షింపు మని కోరవలెను. తెచ్చుకొనునపుడు పంపు తగిలింపక కొంతసేపు నడిపి చూడవలెను; అప్పుడే చేయి పెట్టరానంత వేడెక్కినచో దిమ్మె చెడినదేమో యని పరీక్ష చేయింపవలెను. ఒక్క రైతు మాటను అంగడివారు పెడచెవిని బెట్టవచ్చును. సంఘ సభ్యులందఱును ఓవెను గల యంగడికే తమ మోటార్ల నిత్తుమని నిశ్చయించినచో, ఆ మాటకు విలువ కలుగును.