ముందు మెకానిక్, తర్వాతే యాంప్: బాస్ గిటార్‌కి పాత ట్యూబ్ యాంప్ ఎంచుకోవడం ఎలా?

మా హాస్టల్ శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌కి దగ్గర్లోనే. రాత్రి కిటికీలన్నీ మూసేసుకున్నా టేకాఫ్ అయ్యే విమానం తెలుస్తూనే ఉంటుంది. కీచుమనే సౌండ్ అంతా గోడల దగ్గరే ఆగిపోతుంది. లోపలికి వచ్చేది ఆ గుమ్మనే అడుగు సౌండ్ ఒక్కటే. బాస్ గిటార్ అంటే ఏంట్రా అని ఎవరైనా అడిగితే నేను ఆ సౌండే చూపిస్తాను. ఇళయరాజా పాటలు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే పాట కింద ఇంకో పాట నడుస్తున్నట్టు ఉంటుంది కదా, అదే బాస్. ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోరు, ఆగిపోతే మాత్రం పాట కూలబడుతుంది.

మా బ్యాండ్‌లో బాస్ వాయించేది నేనే. మొన్నటిదాకా మా దగ్గర ఉన్నది 15 వాట్ల గిటార్ ప్రాక్టీస్ యాంప్ ఒక్కటే. డ్రమ్మర్‌తో పోటీపడి వాల్యూమ్ మొత్తం తిప్పేశాను. మూడో రోజుకి దాని స్పీకర్ పేపర్ చిరిగింది. తప్పు నాదే, అది బాస్ కోసం చేసింది కాదు. అప్పుడు నాకు పట్టుకుంది వింటేజ్ ట్యూబ్ యాంప్ పిచ్చి. ఇంటర్న్‌షిప్‌లో వచ్చిన 40 వేలు చేతిలో ఉన్నాయి, న్యూజెర్సీలో బాబాయి ఉన్నాడు, ఫెస్ట్‌కి రెండు నెలల టైమ్ ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాను. చాలా కావాలని తర్వాత తెలిసింది. నాలాంటి పిచ్చి మీలో ఇంకెవరికైనా ఉంటే ఈ ఆర్టికల్ వాళ్ళ కోసమే.

ట్యూబ్ లోపల జరిగేది ఏంటి?

మనం ఎలక్ట్రానిక్స్ పేపర్లో ట్రాన్సిస్టర్ చదివి పాసయ్యాం. ట్యూబ్ దానికి తాత. 1906లో లీ డి ఫారెస్ట్ చేసిన ఆడియాన్‌తో మొదలైన కథ ఇది. గాజు బుడ్డిలో గాలి తీసేసి, లోపల క్యాథోడ్‌ని వేడి చేస్తారు. వేడికి ఎలక్ట్రాన్లు బయటికొచ్చి, కొన్ని వందల వోల్టులున్న ప్లేట్ వైపు పరిగెడతాయి. మధ్యలో గ్రిడ్ అనే జాలీ ఉంటుంది. గిటార్ నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌ని ఆ జాలీకి ఇస్తే, అది చెరువు తూములాగా పెద్ద ప్రవాహాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. యాంప్లిఫికేషన్ అంటే అంతే.

మరి ట్రాన్సిస్టర్ ఉండగా ఈ గోలంతా ఎందుకు? ట్యూబ్ తన హద్దు దాటే తీరు వేరు. మామూలు ట్రాన్సిస్టర్ యాంప్‌ని హద్దు దాటిస్తే వేవ్ పైభాగం కత్తితో కోసినట్టు తెగిపోతుంది, వినడానికి గరుకుగా ఉంటుంది. ట్యూబ్ యాంప్ మెల్లగా వంగుతుంది. నోటు కొంచెం నొక్కుకుపోయి, లావుగా, వెచ్చగా వినిపిస్తుంది. గట్టిగా వాయిస్తే గట్టిగా, మెత్తగా వాయిస్తే మెత్తగా పలుకుతుంది. వేళ్ళతో వాయించేవాళ్ళకి ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

బాస్ లెక్క వేరు

గిటార్‌లో అన్నిటికన్నా కింది తీగ దాదాపు 82 హెర్ట్జ్. బాస్‌లో అది సగం, 41 హెర్ట్జ్. మన చెవి ఈ కింది సౌండ్లకి కొంచెం మొద్దు. అందుకే గిటార్ వాడికి 30 వాట్లు సరిపోయిన రూమ్‌లో మనకి దానికి ఎన్నో రెట్లు కావాలి.

వాట్ల లెక్కలోనూ మోసం ఉంది. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతలు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే వాట్లు పదింతలు కావాలి. 30 వాట్ల యాంప్‌తో పోలిస్తే 300 వాట్ల యాంప్ పదింతలు మోగదు, సుమారు రెండింతలే మోగుతుంది. కానీ డ్రమ్మర్ పక్కన క్లీన్‌గా వినబడాలంటే ఆ రెండింతలే కావాలి.

ఇంకోటి, బరువు. ట్యూబ్‌కీ స్పీకర్‌కీ మధ్య అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ దాని కోర్‌లో ఇనుము ఎక్కువ కావాలి. ఇనుము తక్కువైతే కింది నోట్లు పల్చబడిపోతాయి. అందుకే బాస్ కోసం చేసిన మంచి ట్యూబ్ యాంప్ తేలిగ్గా ఉండదు. తేలిగ్గా ఉంటే ఆ బరువు ఎక్కడ తగ్గించారో అడగండి.

పేరు చూసి పడిపోవద్దు

నా లిస్ట్‌లో మొదటి పేరు ఫెండర్ బాస్‌మన్, 1952లో వచ్చింది. పేరులోనే బాస్ ఉంది కదా అని సంబరపడ్డాను. తీరా చూస్తే 1950ల చివర్లో వచ్చిన, నాలుగు పదంగుళాల స్పీకర్ల బాస్‌మన్‌ని నెత్తిన పెట్టుకున్నది ఎక్కువగా గిటారిస్టులే. జిమ్ మార్షల్ మొదటి యాంప్ జేటీఎం45 సర్క్యూట్‌కి ఆధారం కూడా అదే. సౌండ్ అద్భుతం, కానీ గట్టిగా వాయించే డ్రమ్మర్ పక్కన బాస్ పెడితే త్వరగా చేతులెత్తేస్తుంది.

రెండోది యాంపెగ్ బీ-15, 1960. మొదట్లో 25 వాట్లు, తర్వాత 30. ఒకే ఒక్క పదిహేనంగుళాల స్పీకర్. హెడ్‌ని తలకిందులుగా తిప్పి బాక్సులోకి దించేయొచ్చు. మోటౌన్ పాటల వెనకున్న జేమ్స్ జేమర్సన్ పేరు చెప్పగానే ఈ యాంప్ గుర్తొస్తుంది. కానీ మోటౌన్ స్టూడియోలో ఆయన బాస్ చాలావరకు యాంప్ లేకుండా డైరెక్టుగా కన్సోల్‌లోకే వెళ్ళేది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

మూడోది యాంపెగ్ ఎస్‌వీటీ, 1969. మొత్తం 14 ట్యూబులు, అందులో 6 పవర్ ట్యూబులు, 300 వాట్లు. రోలింగ్ స్టోన్స్ 1969 అమెరికా టూర్‌లో స్టేజ్ ఎక్కింది. స్టేడియంలో బాస్ అంటే ఇదీ అనిపించిన యాంప్. హెడ్ ఒక్కటే 40 కిలోలకి దగ్గరగా ఉంటుంది. దాని కింద ఎనిమిది స్పీకర్ల బాక్సు, అదొక బీరువా.

ఇంగ్లండ్ వైపు చూస్తే మార్షల్ సూపర్ బాస్, హైవాట్ లాంటి 100 వాట్ల హెడ్లు ఉన్నాయి. మనకి వీటితో ఒక లాభం ఉంది. అదేంటో కిందే చెప్తాను.

శంషాబాద్‌లో దిగేదాకా

యాంపెగ్ ఫ్యాక్టరీ ఒకప్పుడు న్యూజెర్సీలోని లిండెన్‌లో ఉండేది. మన తెలుగువాళ్ళు బోలెడంతమంది ఉండే ఎడిసన్‌కి దూరమేం కాదు. "బాబాయ్, ఈసారి వచ్చేటప్పుడు ఒకటి పట్టుకురావా?" అని అడిగేశాను. "బరువెంత నాన్నా?" అన్నాడు. చెప్పాను. కాసేపు ఫోన్లో ఏమీ వినబడలేదు.

అమెరికా నుంచి వచ్చేవాళ్ళకి మామూలుగా 23 కిలోల పెట్టెలు రెండు. ఎక్స్‌ట్రా కట్టినా ఒక్కో పెట్టెకి 32 కిలోలు దాటితే సాధారణంగా తీసుకోరు. అంటే ఎస్‌వీటీ హెడ్ మనిషితో పాటు రాదు, కార్గోలో రావాలి. ఎయిర్‌పోర్ట్ పక్కనే ఉంటున్నాం కదా అని కస్టమ్స్ మనల్ని వదిలేయదు. పాత వస్తువైనా డ్యూటీ పడొచ్చు, కాబట్టి కొన్న రసీదు ఉండాలి. చిన్న హెడ్ అయితే పెట్టెలో పట్టొచ్చు. అప్పుడు కూడా ట్యూబులు పీకి, ఏది ఏ సాకెట్‌దో రాసుకుని, విడిగా గుడ్డలో చుట్టి తేవాలి.

వచ్చాక అసలు సమస్య. అమెరికా యాంప్ 120 వోల్టులకి, 60 హెర్ట్జ్‌కి చేసింది. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. తెచ్చి నేరుగా ప్లగ్గులో పెడితే ఫ్యూజుతో పోతే అదృష్టం, ట్రాన్స్‌ఫార్మర్ పోతే కొన్న డబ్బు మొత్తం పోయినట్టే. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. అది యాంప్ లాగే పవర్ కంటే బాగా పెద్దదై ఉండాలి. అయినా హెర్ట్జ్ మాత్రం మారదు. 60 కోసం చేసిన పవర్ ట్రాన్స్‌ఫార్మర్ 50 మీద ఎక్కువ వేడెక్కుతుంది. ఇంగ్లండ్ యాంపుల లాభం ఇదే: అక్కడి కరెంటు కూడా మనలాగే 230-240 వోల్టులు, 50 హెర్ట్జ్. ప్లగ్గు మారిస్తే చాలు. అమెరికావే అయినా ఎక్స్‌పోర్ట్ మోడల్స్‌కి వెనక వోల్టేజ్ సెలెక్టర్ ఉంటుంది. కొనేముందు వెనక వైపు ఫొటో అడగండి.

టెంట్ హౌస్‌లో దొరికిన పాఠం

నా 40 వేలకి వీటిలో ఏదీ రాదని తేలిపోయాక కోఠి గుజరాతీ గల్లీ తిరిగాను, ఎర్రగడ్డ ఆదివారం సంతలో తిరిగాను. చివరికి వస్తువు దొరికింది మా కాలేజీ బస్సు రోజూ వెళ్ళే దారిలోనే, ఒక పాత టెంట్ హౌస్ గోడౌన్‌లో. వాల్వుల కాలం నాటి మైకు సెట్టు యాంప్లిఫైయర్. దుమ్ము, సాలెగూళ్ళు, ముందర ఆహుజా అని పేరు. మన ఊళ్ళలో పెళ్ళిళ్ళకీ జాతరలకీ మోగిన మైకు సెట్లలో బాగా తెలిసిన పేరు అది. ట్యూబ్ యాంప్ కోసం నేను అమెరికా వైపు చూస్తుంటే, అది ఇక్కడే కుర్చీల వెనక కూర్చుని ఉంది.

దాన్ని రిపేర్ చేసే తాతకి డెబ్బై దాటాయి. ఆయన ట్యూబ్ అనడు, వాల్వు అంటాడు. కెపాసిటర్ అనడు, కండెన్సర్ అంటాడు. స్విచ్ వేసి చూసి, ఆపేసి, ప్లగ్గు పీకి మూత తీశాడు. నేను ఉత్సాహంగా లోపలున్న ఒక వైరు చూపించబోయి వేలు పెట్టాను. చేతి మీద ఒక్కటి కొట్టాడు.

"ప్లగ్గు పీకినవ్ గని, కరెంటు ఇంకా పోలె బిడ్డా. కండెన్సర్ల దాగి ఉంటది."

మీటర్ పెట్టి చూపించాడు. ప్లగ్గు గోడకి లేదు, మీటర్ మీద మూడు వందల వోల్టుల పైన ఉంది. సెమిస్టర్‌లో ఆర్సీ డిశ్చార్జ్ కర్వ్ గీసి ఫుల్ మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. ఆ కర్వ్ నా వేలికి రెండంగుళాల దూరంలో ఉందని అప్పుడే తెలిసింది. దయచేసి ట్యూబ్ యాంప్ మూత మీరు తీయకండి. వీడియోలు చూసి అసలే తీయకండి.

చూసుకోవాల్సినవి

తాత దగ్గర కూర్చుని నేను రాసుకున్నవి ఇవి:

1. ఎర్తింగ్. పాత యాంపులు చాలావాటికి రెండు పిన్నుల వైరే ఉంటుంది. మూడు పిన్నులు చేయించి, ఎర్త్‌ని ఛాసిస్‌కి కలిపించండి. మన చేతిలోని తీగలు ఆ ఛాసిస్‌కే కలిసి ఉంటాయి. ఎర్త్ సరిగ్గా లేకపోతే, మైక్‌కి పెదవి తగిలిన క్షణంలో షాక్ కొట్టొచ్చు. జనరేటర్ మీద నడిచే ఫంక్షన్లలో ఇంకా జాగ్రత్త.

2. కండెన్సర్లు. పవర్ సప్లైలో ఉండేవి ఏళ్ళు గడిచేకొద్దీ ఎండిపోతాయి. ఏమీ వాయించకుండానే గుయ్యిమంటుంటే ముందు వాటినే అనుమానించాలి. ముప్పై నలభై ఏళ్ళ యాంప్ కొంటే వీటిని మార్చే ఖర్చు కూడా ధరలో కలిపి లెక్కేసుకోండి.

3. స్పీకర్ లేకుండా ఆన్ చేయొద్దు. ట్యూబ్ యాంప్‌కి స్పీకర్ కలపకుండా వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. 8 ఓమ్స్ బాక్సుని 8 ఓమ్స్ పాయింట్‌కే పెట్టాలి. మైకు సెట్లకి హారన్‌ల కోసం 100 వోల్ట్ లైన్ పాయింట్ కూడా ఉంటుంది, మన బాక్సు దానికి పెట్టకూడదు.

4. ట్యూబులు. ఆన్‌లో ఉండగా గాజు మీద పెన్సిల్‌తో మెల్లగా తట్టండి. స్పీకర్‌లో గట్టిగా టంగుమంటే ఆ ట్యూబ్ పని అయిపోవచ్చింది. ఒకప్పుడు బెంగళూరు బీఈఎల్ వాళ్ళే వాల్వులు చేసేవాళ్ళు. ఇప్పుడు వచ్చేవి ఎక్కువగా రష్యా, స్లొవేకియా, చైనా నుంచే. 12ఏఎక్స్7, ఈఎల్34, 6550 లాంటి మామూలు నంబర్లు ఉన్న యాంపే కొనండి. వింత నంబరైతే ఒక్క ట్యూబ్ పోయినా యాంప్ షోకేస్ బొమ్మ అవుతుంది.

5. ట్రాన్స్‌ఫార్మర్లు. ట్యూబ్ మార్చొచ్చు, కండెన్సర్ మార్చొచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిన వాసన వస్తే మాత్రం దండం పెట్టి వచ్చేయండి.

మేమేం చేశాం?

మైకు సెట్టు కొన్నాం. తాత కండెన్సర్లు మార్చి, మూడు పిన్నుల వైరు వేశాడు. పదిహేనంగుళాల స్పీకర్ ఉన్న బాక్సు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. మైక్ ఇన్‌పుట్‌లో బాస్ పెడితే గరగరమంది, గ్రామఫోన్ ఇన్‌పుట్‌లో పెడితే హాయిగా పలికింది. నిజం చెప్పాలంటే కింది ఈ తీగ కొంచెం పల్చగానే ఉంది. గొంతుల కోసం చేసిన ట్రాన్స్‌ఫార్మర్ అది, ఇనుము తక్కువ. కానీ ప్రాక్టీస్ రూమ్‌లో పై మూడు తీగల మీద వచ్చే ఆ వెచ్చని సౌండ్‌కి మా డ్రమ్మర్ మొదటిసారి తనంతట తనే మెల్లగా వాయించాడు.

ఫెస్ట్ స్టేజ్ మీదకి మాత్రం అది రాదు. స్టేజ్ మీద డీఐ బాక్స్ ద్వారా నా బాస్ నేరుగా మిక్సర్‌లోకి వెళ్తుంది, జేమర్సన్‌ది కన్సోల్‌లోకి వెళ్ళినట్టు. మీకు ప్రతి వారం స్టేజ్ షోలు ఉంటే రెండు మూడు కిలోల కొత్త హెడ్ కొనుక్కోండి, మీ నడుము సంతోషిస్తుంది. పాత ట్యూబ్ యాంపే కావాలంటే యాంప్ వెతకడానికి ముందు దాన్ని బాగుచేసే మనిషిని వెతకండి. ఆయన దొరికితే మామూలు యాంప్ కూడా పనికొస్తుంది. దొరకకపోతే ఎస్‌వీటీ అయినా 40 కిలోల ఇనుమే.

శనివారాలు మధ్యాహ్నం నేనూ మా కీబోర్డిస్టూ తాత దగ్గరికి వెళ్తున్నాం. ఆయన తర్వాత ఆ పని చేసేవాళ్ళు ఆ చుట్టుపక్కల ఎవరూ లేరట. ఇప్పటిదాకా మాకు సోల్డరింగ్ ఒక్కటే అప్పగించాడు, అది కూడా మీటర్‌లో సున్నా చూశాకే.