గచ్చిబౌలిలో కప్పు ఎత్తిన హాస్టల్ కుర్రాడు



సాయంత్రం నాలుగున్నర అయితే చాలు, మన హాస్టల్ వెనుక క్రికెట్ మొదలవుతుంది. ఐ.పి.ఎల్. గురించి అడిగితే ఆరో తరగతి పిల్లవాడు కూడా గడగడా చెబుతాడు. అయితే 2008లో ఐ.పి.ఎల్. పుట్టడానికి మూడేళ్ళ ముందే, అప్పటి మన రాష్ట్ర రాజధాని హైదరాబాదులో ఒక పెద్ద హాకీ లీగ్ జరిగిందనీ, మొదటి కప్పు హైదరాబాదు జట్టే గెలిచిందనీ మనలో చాలామందికి తెలియదు. దాని పేరు ప్రీమియర్ హాకీ లీగ్.

లీగ్ ఎలా పుట్టింది?

2003లో హైదరాబాదులో ఆఫ్రో-ఆసియా క్రీడలు జరిగాయి. పురుషుల హాకీ ఫైనల్లో మన దేశం 3–1 గోల్స్‌తో పాకిస్తాన్‌ను ఓడించింది. మన ఊళ్ళలో మళ్ళీ హాకీ మాట వినిపించింది. ఆ ఊపులోనే 2005 జనవరిలో భారత హాకీ సమాఖ్య ఒక క్రీడా టీవీ చానల్‌తో కలిసి ఈ లీగ్‌ను ప్రారంభించింది. తొలి సీజన్ ఆటలు గచ్చిబౌలి మైదానంలో జరిగాయి. పై అంచెలో ఐదు జట్లు ఆడాయి. అవి హైదరాబాద్ సుల్తాన్స్, షేర్-ఎ-జలంధర్, మరాఠా వారియర్స్, చెన్నై వీరన్స్, బెంగుళూరు జట్టు. కింద రెండో అంచె కూడా ఉండేది. పై అంచెలో చివర నిలిచిన జట్టు కిందికి దిగాలి, కింది అంచెలో గెలిచిన జట్టు పైకి రావాలి.

ఆటలో ఏం మార్చారు?

అప్పట్లో హాకీ అంటే 35 నిమిషాల చొప్పున రెండు సగాలు. ఈ లీగ్‌లో అదే 70 నిమిషాలను పదిహేడున్నర నిమిషాల చొప్పున నాలుగు భాగాలు చేశారు. మధ్యలో వచ్చే విరామం టీవీ ప్రకటనలకు పనికొచ్చేది, కోచ్ తన పిల్లలతో నాలుగు మాటలు చెప్పుకోవడానికీ పనికొచ్చేది. దీన్ని చూసి కొందరు పెద్దలు పెదవి విరిచారు. కానీ 2014లో అంతర్జాతీయ హాకీ సమాఖ్య కూడా ఆటను 15 నిమిషాల నాలుగు భాగాలుగా మార్చింది. గచ్చిబౌలిలో చూసింది తొమ్మిదేళ్ళ తర్వాత ప్రపంచమంతా వచ్చిందన్నమాట!

ఎవరీ కెప్టెన్?

మరాఠా వారియర్స్‌లో ధన్‌రాజ్ పిళ్ళై ఉన్నాడు. అంతర్జాతీయ గోల్స్‌లో 2004లో ప్రపంచ రికార్డు సాధించిన పాకిస్తాన్ ఆటగాడు సొహైల్ అబ్బాస్ మన సుల్తాన్స్ తరఫున ఆడాడు. ఫైనల్లో షేర్-ఎ-జలంధర్‌పై గెలిచి సుల్తాన్స్ విజేతలయ్యారు.

ఆ జట్టు కెప్టెన్ దిలీప్ టిర్కీ. ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లాలో ఒక ఆదివాసీ పల్లెలో పుట్టాడు. రూర్కెలా దగ్గర పాన్‌పోష్ క్రీడా హాస్టల్లో మనలాగే వరుసలో నిలబడి అన్నం తిని, తెల్లవారుజామున మైదానంలోకి దిగిన కుర్రాడు. మూడు ఒలింపిక్స్ ఆడాడు, 400కు పైగా అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడాడు. 2022లో హాకీ ఇండియా అధ్యక్షుడయ్యాడు.

తర్వాత ఏమైంది?

2008లో మన జట్టు బీజింగ్ ఒలింపిక్స్‌కు అర్హత పొందలేకపోయింది. ఎనభై ఏళ్ళలో అది మొదటిసారి. అదే ఏడాది హాకీ సమాఖ్యను సస్పెండ్ చేశారు. లీగ్ ఆగిపోయింది. 2013లో హాకీ ఇండియా లీగ్ మొదలైంది, 2017 తర్వాత అదీ ఆగింది. 2024 డిసెంబరులో మళ్ళీ వచ్చింది. 2025 ఫిబ్రవరిలో రూర్కెలాలో జరిగిన ఫైనల్లో హైదరాబాద్ తూఫాన్స్ జట్టు 3–4తో ఓడి రెండో స్థానంలో నిలిచింది.

మూతపడటం అంటే ఏమిటో బిట్రగుంట వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆవిరి ఇంజన్ల షెడ్డుతో కళకళలాడిన ఊరు మనది. షెడ్డు పోయినా అక్కడ నేర్చుకున్న పనితనం చేతుల్లోనే మిగిలింది. హాకీలోనూ అంతే. లీగులు వచ్చాయి, పోయాయి. పాన్‌పోష్ హాస్టల్ మాత్రం ఆటగాళ్ళను ఇస్తూనే ఉంది. 41 ఏళ్ళ తర్వాత 2021లో టోక్యోలో మనకు పతకం తెచ్చిన జట్టులోని అమిత్ రోహిదాస్ కూడా ఆ హాస్టల్ పిల్లవాడే.

మన వైపు కూడా ఉదాహరణ ఉంది. చిత్తూరు జిల్లా పల్లెలో వడ్రంగి ఇంట పుట్టిన ఇటిమర్పు రజని దేశానికి గోల్‌కీపర్ అయింది.

కాబట్టి పూర్వ విద్యార్థి మిత్రులకు నా మనవి ఒక్కటే. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు పిల్లలకు మిఠాయిలు తెస్తున్నాం, సంతోషమే. ఈసారి ఓ డజను హాకీ కర్రలు తెద్దాం, ఆదివారాలు నేర్పే ఒక మనిషిని చూద్దాం. తమ్ముళ్ళూ, మీరు చదువు మానొద్దు, ఆట మానొద్దు. కప్పు ఎత్తిన చేతులు కూడా ఒకప్పుడు హాస్టల్ కంచం కడిగినవే!