పసిబిడ్డ ప్రేగులో జమాఖర్చు

పిల్లవానికి నీళ్ళవిరేచనాలు పట్టుకుంటే, “నీళ్ళు త్రాగించకండి, త్రాగిందంతా పోతుంది” అనే పెద్దలు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కాని చిన్నప్రేగు పనిచేసే తీరు తెలిస్తే ఈ మాట ఎంత ప్రమాదమో బోధపడుతుంది.

చిన్నప్రేగు నీటిని పీల్చుకోవడమే కాదు, తానూ ఊరుస్తుంది. దాని లోపలి గోడ మీద సన్నని నూగు వంటి చూషకాలుంటాయి. వాటి మొదళ్ళలో చిన్న గుంటలుంటాయి. ఆ గుంటల్లోని కణాలు ఉప్పులో ఒక భాగమైన క్లోరైడ్ అయానులను ప్రేగులోకి వదులుతాయి. వాటి వెంట సోడియం, ఆ రెంటి వెంట నీరు వస్తాయి. ఆహారం పలుచబడి కదలడానికి ఈ ఊట అవసరమే. చూషకాలు ఆ నీటిని మళ్ళీ ఒంట్లోకి లాగుకుంటాయి. గుమాస్తాలం గనుక మా భాషలో చెబుతున్నాము: గుంటలది ఖర్చు పద్దు, చూషకాలది జమ పద్దు. ఆరోగ్యంగా ఉన్నంతకాలం జమదే పైచేయి.

కలరాలో ఈ లెక్క తారుమారవుతుంది. కలరాక్రిమి విడిచే విషమే ప్రేగులోకి నీటిని రప్పిస్తుందని 1959లో కలకత్తా డాక్టరు శంభునాథ్ డే కుందేళ్ళ ప్రేగులపై ప్రయోగాలతో చూపారు. విషం తగిలితే క్లోరైడ్ ద్వారాలు తెరుచుకుని ఉండిపోతాయి. పసివాళ్ళ ఒంట్లో నిల్వ కొద్దిది గనుక, గంటలలోనే కళ్ళు లోతుకు పోతాయి. ఏడ్చినా కన్నీరు రాదు. మూత్రం తగ్గుతుంది.

అయితే జమ వైపు ఒక దారి చెడదు. చూషకాలు గ్లూకోజును, సోడియాన్ని జతగా లోపలికి తీసుకుంటాయి. నీరు వాటిని వెంబడిస్తుంది. 1971లో తూర్పు బెంగాల్ శరణార్థులున్న బొన్‌గావ్‌లో సెలైను చాలక, డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ములకెత్తి త్రాగించారు. నూటికి ముప్ఫై దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి.

పిల్లల విరేచనాలన్నీ కలరా కావు. అయినా ఉపాయం ఇదే. ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని దానిమీద వ్రాసినన్ని నీళ్ళలోనే కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలాగి మళ్ళీ పట్టాలి. తల్లిపాలు మానరాదు. డాక్టరు నడిగి జింకు మందు ఇవ్వాలి. విరేచనం వెంటనే ఆగలేదని నీళ్ళు మాన్పకండి. పోయినదాన్ని పూడ్చడమే దాని పని. బిడ్డ త్రాగలేకపోయినా, మగతగా పడివున్నా, మలంలో నెత్తురు కనబడినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి.