మాక్రో లెన్సులో ఆరుద్ర పురుగు

తొలకరి వానలకు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల చెలకల్లో నేల మీదికి వచ్చే ఆరుద్ర పురుగును మాక్రో లెన్సుతో, అంటే ప్రతిబింబాన్ని వస్తువు అసలు పరిమాణంలోనే సెన్సరు మీద నిలిపే కటకంతో చూసినప్పుడు, మఖమలు వంటి ఎర్రని నూగు వెంట్రుకలు విడివిడిగా కనిపించడమే కాక, ఎనిమిది కాళ్లూ లెక్కకు అంది, అది ఆరు కాళ్ల కీటకం కాదనీ, సాలీళ్లకు దగ్గరి బంధువైన నల్లి (మైట్) జాతి జీవి అనీ తెలుస్తుంది. అంత దగ్గరలో ఫోకస్ లోతు, అనగా చిత్రంలో స్పష్టంగా కనిపించే మేర, మిల్లీమీటరు స్థాయికి కుదించుకుపోతుంది గనుక, లెన్సు రంధ్రమైన ఎపర్చరును ఎఫ్/11 వరకు చిన్నది చేసి, తగ్గిన వెలుతురును పలుచని తెల్లని తెర వెనుక వెలిగే ఫ్లాష్‌తో భర్తీ చేసి, కెమెరాను నేలకు ఆనించి తీయాలి. చిత్రం కోసం పురుగును పట్టి డబ్బాలో పెట్టకుండా, అది ఉన్న చోటనే తీయడం ఛాయాగ్రాహకుల మొదటి బాధ్యత.