సూర్యుని తీరుపై నిత్య పరిశీలన - భూఅయస్కాంత తుఫాను సూచనలను అర్థం చేసుకోవడం ఎలా?

కోరుకొండ: ధవళేశ్వరం వద్ద గోదావరి నీటిమట్టం 11.75, 13.75, 17.75 అడుగులకు చేరినపుడు వరుసగా మూడు ప్రమాద హెచ్చరికలు జారీ కావడం ఈ ప్రాంత ప్రజలకు సుపరిచితమే. ఇదే విధంగా సూర్యుని నుండి వచ్చే అలజడులకు కూడా స్థాయిలవారీ హెచ్చరికలు ఉన్నాయి. ఉపగ్రహ సంకేతాలపై ఆధారపడే సేవలు విస్తరించిన నేపథ్యంలో వీటిపై అవగాహన అధికారులకు, పాత్రికేయులకు అవసరం.

సూర్యునిపై విస్ఫోటం సంభవించినపుడు వెలువడే ఎక్స్ కిరణాలు సుమారు 8 నిమిషాలలో భూమిని చేరి, పగటివేళ ఉన్న ప్రాంతాలలో హ్రస్వతరంగ రేడియో ప్రసారాలకు అంతరాయం కలిగిస్తాయి. విద్యుదావేశ కణాల మేఘం భూమిని చేరుటకు సాధారణంగా ఒకటి నుండి మూడు రోజులు పడుతుంది. ఈ వ్యవధియే ముందస్తు సూచనకు ఆధారం. సౌరజ్వాలలను తీవ్రతను బట్టి ఎ, బి, సి, ఎం, ఎక్స్ తరగతులుగాను, భూఅయస్కాంత తుఫానులను జి1 నుండి జి5 వరకు ఐదు స్థాయిలుగాను వర్గీకరిస్తారు. ప్రతి 3 గంటలకు లెక్కించే కేపీ సూచిక 0 నుండి 9 వరకు ఉంటుంది. అది 5కు చేరితే తుఫానుగా పరిగణిస్తారు.

శ్రీహరికోట నుండి 2023 సెప్టెంబరు 2న ప్రయోగించిన ఆదిత్య-ఎల్1, 2024 జనవరి 6న భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని నిర్దేశిత కక్ష్యలో ప్రవేశించింది. అందులో 7 పరికరాలు ఉన్నాయి. భూమిపై అయస్కాంత క్షేత్ర మార్పులను జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ హైదరాబాదులోను, చౌటుప్పల్‌లోను నమోదు చేస్తున్నది.

1989 మార్చి 13న కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో సుమారు 60 లక్షల మందికి విద్యుత్ సరఫరా దాదాపు 9 గంటలపాటు నిలిచిపోయింది. 2024 మే 10, 11 తేదీలలో, 2003 అక్టోబరు తరువాత తొలిసారిగా జి5 తుఫాను సంభవించింది. లడఖ్‌లోని హాన్లే వద్ద ఆకాశం ఎర్రబారింది.

విద్యుత్ వ్యవస్థకు ముప్పు ప్రధానంగా ధ్రువాలకు సమీప దేశాలలో అధికం. భూమధ్యరేఖకు చేరువలో ఉన్న మన ప్రాంతంలో ఉపగ్రహ సంకేతాలపై ప్రభావమే ముఖ్యమైనది. 2020 డిసెంబరు 21న రాష్ట్రంలో ప్రారంభమైన భూముల రీసర్వేలో ఉపగ్రహ సంకేతాలను స్వీకరించే రోవర్లను వినియోగించారు. అయనావరణం కల్లోలితమైతే ఇటువంటి పరికరాల కొలతల కచ్చితత్వం తగ్గవచ్చు. సూర్యాస్తమయానంతరం తుఫాను లేని రోజులలో సైతం ఈ ఇబ్బంది తలెత్తవచ్చు. రైతు పొలం గట్టును నిర్ణయించే కొలత కనుక, అనుమానం ఉన్నపుడు మరొక సమయంలో తిరిగి కొలిచి సరిచూసుకోవడం శ్రేయస్కరం. కోరుకొండ మండలం మధురపూడిలోని విమానాశ్రయం వంటి చోట్ల విమానయానానికి సైతం ఈ సమాచారం ఉపయుక్తం.

సూచనలలోని సమయం సాధారణంగా అంతర్జాతీయ ప్రమాణ సమయంలో ఉంటుంది. దానికి 5 గంటల 30 నిమిషాలు కలిపితే భారత కాలమానం లభిస్తుంది. వార్తలలో తుఫాను స్థాయి, సమయం, జారీ చేసిన సంస్థ పేరు పేర్కొనడం, సంభవించగలదన్న అంచనాకు, సంభవించిందన్న నిర్ధారణకు గల భేదాన్ని స్పష్టం చేయడం అవసరం. ఈ తుఫానుల సమయంలో భూమిపై ఉన్న ప్రజల ఆరోగ్యానికి నేరుగా హాని ఉండదు. కనుక ప్రజలు ఆందోళన చెందనవసరం లేదు.